సాక్షి - సాక్ష్యము: నెల్లూరి తీరమున నొక పదము నడచిన త్రోవ

పదముల యర్థము నిఘంటువులవలన మాత్రమే తెలియునది కాదు. ఒక్కొక పదము ఒక్కొక జనసంఘమున వాడుకపడి, అచ్చటి సుఖదుఃఖములను మోసి, తొల్లిటి యర్థమునకంటె బరువైన యర్థమును సంపాదించుకొనును. అట్టి పదములలో 'సాక్ష్యము' ఒకటి. న్యాయసభలలో మన మెఱిఁగిన యీ పదమును నెల్లూరు మొదలుకొని ఒంగోలు వఱకుఁ గల తీరమందలి క్రైస్తవులు వేఱొక సందర్భమున వాడుదురు. ప్రార్థనకూటమున నొకరు లేచి, తమ బ్రతుకు యేసువలన నెట్లు మాఱెనో పదిమందికిఁ దెలుపుటను వారు 'సాక్ష్యము చెప్పుట' యందురు. ఈ వాడుక కాధారమైన భావ మెట్టిది, ఈ తీరమున దాని చరిత్ర మేమి, యథార్థమైన సాక్ష్యమునకు లక్షణ మేమి యను విషయములను విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

పదవిచారము

'సాక్షాత్' అను నవ్యయముమీఁద ప్రత్యయము చేరి 'సాక్షి' యేర్పడుననియు, కన్నులారఁ జూచినవాఁ డని దాని కర్థమనియుఁ బాణిని చెప్పియున్నాఁడు. కావున చూచుట యీ పదమునకుఁ బ్రాణము. వినికిడి మాటను తిరిగి వినికిడిగాఁ జెప్పువాఁడు పుట్టుకచేతనే యీ పేరున కర్హుఁడు కాఁడు.

మన వాఙ్మయమున నీ పదము రెండు త్రోవలఁ బట్టినది. వేదాంతమున సాక్షి మౌని. బుద్ధివృత్తుల నన్నిటిని జూచుచు, దేనియందును దగుల్కొనక, కేవల ద్రష్టయై యుండు చైతన్యమునకు సాక్షి యని పేరు. ధర్మశాస్త్రమున సాక్షి మౌని కారాదు. చూచియు నూరకుండువాఁడు, చూడనిదానిని జెప్పువాఁడు, ఇరువురును దోషులే. వివాదమున ముగ్గురు సాక్షులైన నుండవలెనని యాజ్ఞవల్క్యుని మతము. యూదుల ధర్మశాస్త్రమును ఇద్దఱు ముగ్గురు సాక్షుల నడుగుట విజ్ఞు లెఱిఁగినదే.

ఎవరు సాక్షులు కాఁదగుదు రనునది మఱియొక ప్రశ్నము. మనుస్మృతి స్త్రీలకు స్త్రీలను, ద్విజులకు ద్విజులను, అంత్యజుల కంత్యజులను సాక్షులుగా నియమించినది. అనఁగా మాటకుఁ గల విలువ పలుకువాని పుట్టుకనుబట్టి యేర్పడినది. ఆదిపర్వమందలి శకుంతల కథయందు నిదే చిక్కు గలదు. రాజసభలో నామె మాటను నమ్మించుటకు మనుష్యసాక్షి లేఁడు. సూర్యచంద్రులును బంచభూతములును మనుష్యుని చేఁతలకు సాక్షులని యామె వాదింపవలసివచ్చినది. తుద కశరీరవాణి పలికినఁగాని సభవారికి నమ్మకము కలుగలేదు. పలుకువారి నంతస్తును జూచి సత్యమును దూఁచు సభయందు సత్యము చెప్పుట యెంత కష్టమో యా యుపాఖ్యానము తెలుపుచున్నది.

క్రైస్తవుల గ్రంథమును దెనిఁగించినవారు గ్రీకుభాషయందలి 'మార్తుస్' అను పదమునకు సాక్షి యను పదమును గ్రహించిరి. గ్రీకున నదియు మొదట న్యాయసభాపదమే. సాక్ష్యము చెప్పి ప్రాణములు గోల్పోయినవారు పెక్కుమంది యగుటచే, ఆ పదమే కాలక్రమమున విశ్వాసమునకై మరణించినవానికిఁ బేరయ్యెను. ఈ రెండవ యర్థమునకుఁ దెలుఁగు క్రైస్తవులు 'హతసాక్షి' యను సమాసమును గల్పించుకొనిరి. గ్రీకు పదమొక్కటియే రెండర్థములను మోయుచుండఁగా, తెలుఁగు వానిని విడఁదీసి చూపఁగలిగినది. అటులనే మనసు మరలుటను దెలుపు గ్రీకు పదమునకు 'మారుమనస్సు' అను తేటపదము కుదిరినది.

సువార్తలలోని సాక్షులు

ఈ వాడుకకు మూలమైన కథలు సువార్తలలోఁ గలవు. మార్కు వ్రాసిన దానిలో, భూతపీడితుఁడై సమాధుల నడుమఁ దిరుగుచుండినవాఁడొకఁడు స్వస్థుఁడై యేసువెంట వత్తునని వేఁడుకొనును. ఆయన యందుల కొప్పుకొనక, యింటికిఁ బోయి తనవారితో జరిగినదానిని జెప్పుమని పంపును. గురువును వెంబడించుటకంటె నింటికిఁ దిరిగిపోవుటయే యిచ్చటఁ గష్టతరమైన యాజ్ఞ. పాతబ్రతుకును గన్నులారఁ జూచినవారి యెదుటనే క్రొత్తబ్రతుకునుగూర్చి చెప్పవలెను గదా!

యోహాను వ్రాసిన దానిలో సమరయ స్త్రీ కథ గలదు. ఆమె నీళ్లకై బావికి వచ్చి, యేసుతో మాటాడి, కుండ నచ్చటనే విడిచి యూరిలోనికిఁ బోయి, తన బ్రతుకు నెఱిఁగిన వాని నొకనిఁ జూచితినని చెప్పును. ఊరివారు వచ్చి విని, యిఁక నీ మాటవలనఁ గాదు, మేమే విని యెఱిఁగితిమని యామెతో నందురు. సాక్షి మాట తన పని ముగించుకొని తొలఁగిపోవుటకు నింతకంటెఁ జక్కని దృష్టాంతము దొరకదు. అదే గ్రంథమున పుట్టుగ్రుడ్డి యొకఁడు చూపు వచ్చినవాఁడై, పండితుల ప్రశ్నములకుఁ దర్కముతో నుత్తర మీయక, తనకుఁ దెలిసినది యొక్కటే యని, మునుపు చూపు లేదు, ఇప్పుడు గల దనును.

యేసు పునరుత్థానవార్త మొదట స్త్రీల నోటనే వెలువడెనని సువార్తలు చెప్పుచున్నవి. ఆ కాలపు యూదుల న్యాయసభలలో స్త్రీల సాక్ష్యమునకు విలువ తక్కువ. కావుననే యీ కథ కల్పించినదైనచో నిట్లు కల్పింపరని వాదించు విమర్శకులు గలరు. ఆ వాదముయొక్క బలాబలము లెట్లున్నను, ఎవరి మాటకు సభలోఁ జోటు లేదో వారి మాటతోనే యీ మతము మొదలైనదని యా గ్రంథకర్తలు దాఁచక చెప్పిరి.

నెల్లూరి తీరమున

తిక్కన సోమయాజి నివసించిన నెల్లూరికి నమెరికా బాప్తిస్టు సంఘమువారి పక్షమున సామ్యుయేలు డే 1840లో వచ్చి కాపురముండెను. 1849లో లైమన్ జ్యూయెట్ వచ్చెను. వీరు తెనుఁగు నేర్చి, సంతలలోను దిరునాళ్లలోను బోధించి, పుస్తకములఁ బంచిరి. ఫలము మిక్కిలి కొంచెము. ఈ పనిని మానుకొందమా యను చర్చ యమెరికాలో 1853లోను 1862లోను జరిగినది. మొదటి చర్చ సందర్భమున సామ్యుయేలు స్మిత్తు రచించిన యొక గీతమువలన నీ మిషనుకు 'ఒంటి నక్షత్రము' అను పేరు వచ్చినది. 1854 జనవరి 1వ తేది యుదయమున జ్యూయెట్ దంపతులును, నరసు, జూలియా, రూతు అను తెలుఁగు క్రైస్తవులును ఒంగోలు కొండ నెక్కి, యా ప్రాంతమున కొక బోధకుఁడు రావలెనని ప్రార్థించిరి. ఒంగోలు నాఁడు నెల్లూరు మండలములోనిది. 1904లో గుంటూరు మండలమునఁ జేరి, 1970లో ఏర్పడిన ప్రకాశము జిల్లాకు ముఖ్యపట్టణ మైనది. 1865లో జాన్ క్లౌ నెల్లూరికి వచ్చి, మఱుసటి యేఁట నొంగోలు చేరెను.

అప్పటికే యీ కథలోని ముఖ్యసాక్షి సిద్ధముగా నుండెను. ఆయన దొర కాఁడు, పండితుఁడును గాఁడు. తాళ్లకొండపాటి నివాసి, మాదిగ కులజుఁడు, తోళ్ల వ్యాపారి యగు యెఱ్ఱగుంట్ల పేరయ్య. ఈయన వెఱ్ఱిమొఱ్ఱి జీవనము నడపుచుండినవాఁ డనుకొనరాదు. ఒక స్త్రీగురువువలన రాజయోగోపదేశమును బొంది, పరతత్త్వ మొక్కటే యని యెఱిఁగి, శాంతికై చిరకాలము వెదకినవాఁడు. వ్యాపారార్థమై యుత్తరమునకుఁ బోయినపు డొక క్రైస్తవబోధకుని నోట యేసు కథ విని, తాను వెదకుచుండిన దిదియే యని నిశ్చయించుకొనెను. 1866లో నొంగోలునఁ దన భార్యతోఁగూడ బాప్తిస్మము పొందెను.

పిమ్మట నాయన చేసినపని సువార్తలోని యా స్వస్థుఁడు చేసినదే. ఇంటికిఁ బోయి తనవారితోఁ జెప్పెను. చుట్టములున్న యూళ్లకు నడచిపోయి చెప్పెను. తోళ్ల వ్యాపారికి దారులన్నియుఁ దెలియును. ప్రతి పల్లెయందును బంధువో బేరగాఁడో యుండును. 1867 జనవరిలో నాయన పిలుపున క్లౌ తాళ్లకొండపాటికిఁ బోయి చూడఁగా, పరిసరగ్రామములనుండి జనులు తిండిమూటలతో వచ్చి చింతతోఁపులో దిగియుండిరి. కొన్నిదినములు వారితో మాటాడి, 28 మందికి బాప్తిస్మ మిచ్చెను. నెల్లూరిలో నిరువదియైదేండ్లు చేసిన బోధవలనఁ గానిది యొక తోళ్లవ్యాపారి మాటవలన నైనది.

ఇందులకుఁ గారణ మేమి? దొరల బోధ మతముల తారతమ్యమును గూర్చినది. వినువారు వాదమునకు వాదముతో బదులు చెప్పఁగలరు. పేరయ్య మాట పేరయ్యను గూర్చినది. ఆయన తాను వెదకినదానిని, తనకు దొరకినదానిని జెప్పెను. ఆయన నెఱిఁగినవారు, మాఱెనో మాఱలేదో తామే చూచి నిర్ణయింపవచ్చును. అంత్యజుల కంత్యజులే సాక్షులన్న స్మృతివాక్యము, వారిని సభకు వెలిగా నుంచుటకై పుట్టినదయ్యు, నిచ్చట వింతగా ఫలించినది: వారి సాక్ష్యమును వారే విని, వారే నమ్మి, యితరుల యనుమతికై వేచియుండలేదు.

ఈ మార్పునకు వెల కలదు. ఒంగోలున నగ్రవర్ణములవారు మొదట బడియందును బోధయందును నాదరము చూపి, మాదిగలను సంఘమునఁ జేర్చుకొనఁగానే దూరమైరి. పల్లెలలోఁ గ్రొత్తగాఁ జేరినవారు విగ్రహపూజ మానిరి. చచ్చిన గొడ్ల మాంసము తినుట మానిరి. ఆదివారమునఁ బని మానిరి. జాతరలలో డప్పు కొట్టుటయు నందుచేతనే మానవలసివచ్చినది. వెట్టిపని యాధారముగా నడచు గ్రామవ్యవస్థ కిది తాఁకిడియే. కావున గ్రామస్థుల కోపమును, మేరలు తప్పుటయు వారి పాలఁ బడినవి. ఇట్టి స్థితిలోఁ జెప్పిన సాక్ష్యము నోటిమాట మాత్రమే కాదని చదువరులు గ్రహింతురుగాక.

కఱవును సంశయమును

1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును బీడించిన కఱవులో నీ చరిత్ర పరీక్షకు గుఱియైనది. తీరము వెంబడి బకింగుహాము కాలువ త్రవ్వకము కఱవుపనిగా సాగుచుండెను. భూమికొలత పని నేర్చిన క్లౌ అందు మూఁడున్నర మైళ్ల భాగమును గుత్తకుఁ దీసికొని, వేలకొలఁది జనులకుఁ బని కల్పించెను. పేరయ్యవంటి బోధకులు త్రవ్వకపు గుంపులకుఁ బైవిచారణ చేయుచు, విశ్రాంతివేళల వారి నడుమఁ గూర్చుండి చెప్పుచుండిరి. భారము మోయువారిని యేసు తనయొద్దకుఁ బిలిచె నను మాటయే వారు తఱచు చెప్పినది. తట్టలు మోయుచున్నవారికి దానికి వ్యాఖ్యానము వలదు గదా!

ఇచ్చట సంశయము పుట్టుట సహజము: వీరు నమ్మినది మాటనా, కూలిడబ్బునా? ఈ ప్రశ్నము ప్రతిపక్షులు మాత్రమే వేసినది కాదు. క్లౌ తానే వేసికొనెను. కఱవు సాగినంతకాలము, రమారమి పదునైదు మాసములు, ఆయన బాప్తిస్మ మిచ్చుట మానెను. సహాయము ముగిసినది, ఇండ్లకుఁ బొండని చెప్పినను జనులు వచ్చుట మానలేదు. తుదకు 1878 జూలైలో నొంగోలునకు నుత్తరమున గుండ్లకమ్మ యొడ్డునగల వెల్లంపల్లియొద్ద 2వ తేదిని 614 మందికి, 3వ తేదిని 2,222 మందికి, 4వ తేదిని 700 మందికి బాప్తిస్మ మీయఁబడెను. ఆఱుగురు తెలుఁగు బోధకులు ఇద్దఱిద్దఱు చొప్పున నేటిలో దిగి యీ పని నెఱవేర్చిరి. ఆ సంవత్సరాంతమునకు మొత్తము 9,606 మంది యైరి.

ఇంతమంది మనస్సులలోని హేతువులు ఒకే రీతివని యెవ్వరును జెప్పఁజాలరు. ఆఁకలి, బంధుస్నేహము, మానవమర్యాదయందలి యాశ, భక్తి యివి మనుష్యునియందు వేఱువేఱు గదులలో నుండవు. అయినను బదునైదు మాసములు తలుపు మూసియుంచి చూచిన పరీక్షను విమర్శకులు లెక్కలోనికిఁ దీసికొనవలెను. సాక్షిని బ్రశ్నించుట న్యాయము. ప్రశ్నింపక నమ్ముటయుఁ, బ్రశ్నింపక త్రోసివేయుటయు నొక్కటే దోషము.

సాక్ష్యలక్షణము

పేరయ్యను, ఆయన తోడివారిని గూర్చి మనము తెలిసికొనఁగలుగుట కొక కారణము కలదు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ఆ వృద్ధుల నోటి కథలను విని, 'చెప్పులు కుట్టుచుండఁగా' అను నర్థము గల పేరితో 1899లో నాంగ్లమునఁ బుస్తకముగాఁ బ్రకటించెను. 1910లో మరణించిన క్లౌ జీవితకథ 1914లో వెలువడెను. సముద్రపుటొడ్డున రామాయపట్నమున 1870ల తొలినాళ్లలో వెలసిన దైవశాస్త్రపాఠశాలలో బోధకు లక్షరములు నేర్చి గ్రంథములు చదివిరి. కాని సాక్ష్యము మొదటిది, అక్షరము తరువాతిది యను క్రమము గమనింపఁదగినది.

ఏ ప్రక్రియకైనను వాడుకవలన నలిగిపోవు నపాయము కలదు. సాక్ష్యము చెప్పువారు తమ పూర్వదోషములను బెంచి చెప్పిన, క్రొత్తబ్రతుకు మిక్కిలి వెలుఁగునని భ్రమపడుటయుఁ గలదు. ఒకరి మాటలను మఱియొకరు వల్లించుటయుఁ గలదు. అప్పుడు సాక్షి వాదియై, కొన్నివేళలఁ గథానాయకుఁడై, తాను చూచినవాని కడ్డముగా నిలుచును. అపోస్తలుల కార్యములలో పౌలు మనసు మరలిన కథ మూఁడు మాఱులు వచ్చును. సభనుబట్టి వివరములు మాఱును. చూచినది మాత్రము మాఱదు. వల్లించినవాఁ డొకే తీరునఁ జెప్పును. చూచినవాఁడు వినువానినిబట్టి చెప్పఁగలఁడు.

పాణిని చెప్పిన యర్థమే తుదకు గీటురాయి. చూచినంతయే చెప్పవలెను, చూడనిదానిని జేర్పరాదు. చెప్పినపిమ్మట వినువానిని దనయొద్ద నిలుపుకొనక, తానే పోయి చూచునట్లు త్రోవ చూపి తొలఁగవలెను. వేదాంతమందలి సాక్షి చూచి మౌనము వహించును. ఈ సాక్షి చూచినదానిని జెప్పి మౌనము వహించును. తాళ్లకొండపాటి తోఁపులోఁ గూడిన జనులు తిండిమూటలు గట్టుకొని వచ్చినది పేరయ్యను జూచుటకుఁ గాదు. ఆయన చెప్పినదానిని దామే తెలిసికొనుటకు వచ్చిరి. సాక్షి కంతకంటె వేఱు సిద్ధి లేదు.