బ్లోయరు రెక్కల వంపు – దాని దక్షత

1965లో ధర్మపురి ప్రత్యేక జిల్లాగా ఏర్పడుటకు పూర్వము సేలము జిల్లాలో భాగముగా నుండెను. ఆ సీమలో ఇనుపరాతిని కరగించు కొలుములకు పూర్వము తోలుతిత్తులే గాలి నొసగెడివి. జంటతిత్తులను మార్చి మార్చి నొక్కినను గాలి ఒకే తీరున రాదు. ఎడతెగని గాలి కావలెనన్న రెక్కల చక్రమును త్రిప్పవలెను. 1556లో వెలువడిన అగ్రికోలా లోహశాస్త్ర గ్రంథమునందే గనులకు గాలి పంపు అట్టి చక్రముల చిత్రములు గలవు. పాలకోడు, గోపాలపురముల చక్కెర మిల్లులు మన కెరుకైనవే. చెరకుపిప్పిని మండించు అట్టి మిల్లుల బాయిలర్లలో పొయ్యికి గాలి నందించుటకును, పొగను లాగుటకును సెంట్రిఫ్యుగల్ ఫ్యానునే వాడుదురు. వ్యవహారమున దీనినే బ్లోయరందురు.

ఇంపెల్లరనబడు చక్రము నడిమి కన్నుగుండ గాలి లోనికి వచ్చి, అపకేంద్ర బలముచే అంచునకు విసరబడును. నత్తగుల్లవలె క్రమముగా వెడల్పగు పెట్టెలో దాని వేగము తగ్గి పీడనము హెచ్చును. చక్రమును త్రిప్పుటకైన శక్తిలో గాలికి ఉపయుక్తముగా చేరిన భాగమే దక్షత. తక్కినది సుడులకును, రాపిడికిని, సందులగుండ మరలి కారు గాలికిని వ్యయమగును.

ఈ నష్టము ముఖ్యముగా రెక్కల వంపుపై ఆధారపడును. తిరుగు దిశకు వెనుకగా వంగిన రెక్కలలో సుడులు తక్కువ. దక్షత సుమారు నూటికి 80. విమానపు రెక్కవలె మలచినచో ఇంకను కొంత హెచ్చును. ముందునకు వంగిన రెక్కల చక్రము చిన్నదయ్యును, తక్కువ వేగముననే ఎక్కువ గాలి నిచ్చును; దక్షత సుమారు 60 మొదలు 65. కాచారు తేయాకు తోటలలో పనిచేసిన సామ్యూల్ డేవిడ్సన్, 19వ శతాబ్ది చివర బెల్ఫాస్టులో రూపొందించిన ‘సిరాకో’ ఈ తరగతిదే. నిటారు రెక్కల దక్షతయు ఇంచుమించు అంతియే. కాని వానికి నుసి, ఊక సులభముగా అంటుకొనవు. కావున బూడిదతో నిండిన పొగకు నిటారు రెక్కయు, శుభ్రమైన గాలికి వెనుకకు వంగిన రెక్కయు తగినవి.

వేగమును గూర్చిన నియమ మొకటి మిల్లు యజమానులు మరువరానిది. గాలి పరిమాణము వేగము ననుసరించును. శక్తి వేగము యొక్క ఘనము ననుసరించును. పదింట ఎనిమిది వంతుల గాలి చాలునన్నచో, పుల్లీ మార్చి వేగమును అంతకు తగ్గింపవలెను. అపుడు కావలసిన శక్తి 0.8 × 0.8 × 0.8, అనగా 0.512, దాదాపు సగమే. పూర్తి వేగమున త్రిప్పుచు గాలి మార్గమున తలుపు మూసి తగ్గించినచో ఇంతటి ఆదా కలుగదు.

మరియొక హెచ్చరిక. మూడు ఫేజుల మోటారుకు రెండు తీగలు తారుమారైనచో చక్రము ఎదురు తిరుగును. అయినను గాలి ముందు ద్వారముననే వచ్చును. కాని మిక్కిలి తగ్గును. కనుక దోషము వెంటనే తెలియదు. తీగలు విప్పి బిగించినప్పుడెల్ల పెట్టెపై బాణపు గుర్తును, చక్రము తిరుగు దిశను పోల్చి చూడవలెను.

బ్లోయరు కొనువారు మోటారు అశ్వశక్తితో తృప్తినొందక, రెక్క యే దిశకు వంగినదో, తమ గాలి యెట్టిదో విచారింపవలెను. యంత్రపు వెల ఒకసారి చెల్లింతుము. విద్యుత్తు వెల అది తిరిగినన్నాళ్లును చెల్లింపవలసియుండును.