తెలిసిన సంగతే, అయినా చెయ్యరు!

పత్తికి మందు కొట్టి పడిపోయిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? నోటి వెంట చొంగ కారుతుంది. ఒళ్ళంతా చెమట. కంటిపాప గుండుసూది తలంత అయిపోతుంది. సుమారు ముప్పయి ఏళ్ళ క్రితం, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, తుళ్లూరు వైపు మెట్ట గ్రామం నుంచి ఒక రైతును సాయంత్రం వేళ ట్రాక్టరు మీద వేసుకొచ్చారు. అట్రోపిన్ ఇంజెక్షన్లు ఇస్తూ రాత్రంతా పక్కనే కూర్చున్నాము. తెల్లవారేసరికి మనిషి తేరుకున్నాడు. ఇంటికి పంపేటప్పుడు పురుగుమందు ఎంత విషమో అరగంట సేపు బోధించాను. అన్నిటికీ "అలాగేనండి డాక్టరు గారూ" అని తల వూపాడు.

కొన్ని వారాల తరువాత జీపులో ఆ దారిన పోతూ చూద్దును గదా, అదే మనిషి అదే చేలో బనియను, లుంగీతో, ముక్కుకు తువ్వాలు చుట్టుకుని మందు కొడుతున్నాడు!

"ఏమండీ, మళ్ళీ ఆసుపత్రికి రావాలని వుందా?" అన్నాను కోపంగా. ఆయన నొచ్చుకోలేదు. "పదేళ్ళ నుంచి కొడుతున్నానండి. ఆ రోజు ఖాళీ కడుపున వెళ్ళాను, అందుకే తగిలింది. ఈ ఎండలో నిండు చొక్కా, చేతి తొడుగులు వేసుకుంటే మందు మాటేమో గాని ఉక్కకే పోతానండి" అన్నాడు.

మొండివాడనుకున్నాను. కాని ఆ వూళ్ళో కొత్త హైబ్రిడ్ పత్తి విత్తనం అందరికంటే ముందు వేసినవాడు ఆయనేనని తరువాత తెలిసింది. కొత్త విత్తనాన్ని ఒక్క ఏడాదిలో నమ్మిన మనిషి, తన ప్రాణం కాపాడే చొక్కాను ఎందుకు నమ్మలేదు?

1950 ప్రాంతంలో అమెరికా ప్రజారోగ్య శాఖ వారికి సరిగ్గా ఇదే చిక్కు వచ్చింది. క్షయను ముందే కనిపెట్టడానికి ఎక్స్‌రే బండ్లు జనం మధ్యకు తీసుకువెళ్ళి, డబ్బు అక్కరలేదన్నా చాలామంది రాలేదు. హాక్‌బామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త జనాన్నే అడిగి చూశాడు. "పైకి బాగానే వున్నా నాకూ క్షయ వుండవచ్చు" అనీ, "ముందుగా తెలిస్తే మేలు" అనీ రెండూ నమ్మినవారిలో నూటికి 82 మంది ఎక్స్‌రే తీయించుకున్నారు. రెండూ నమ్మనివారిలో నూటికి 21 మందే. జబ్బు భయంకరమని తెలిస్తే చాలదన్నమాట. అది నాకు రావచ్చునని తోచాలి, నివారణ పనిచేస్తుందనిపించాలి, ఆ నివారణ పడే కష్టానికి తగినదిగా వుండాలి. దీనినే తరువాత ఆరోగ్య విశ్వాస సిద్ధాంతమన్నారు. "ఈ పని నేను చెయ్యగలను" అనే ధైర్యాన్ని కూడా ఆ తరువాత దీనికి చేర్చారు. మన రైతుకు వీటిలో మొదటిదే లేదు. తప్పు ఖాళీ కడుపు మీదికి పోయింది!

ఇక విత్తనం సంగతి. కొత్త పద్ధతులు జనంలోకి ఎలా పాకుతాయో 1962 లో పుస్తకం రాసిన ఎవరెట్ రోజర్స్ వ్యవసాయ కుటుంబంలో పుట్టినవాడే. ఆయన చెప్పిన పెరూ దేశపు కథ ఒకటుంది. ఒక గ్రామంలో ఆరోగ్య కార్యకర్త రెండేళ్ళు ఇంటింటికీ తిరిగి నీళ్ళు కాచి తాగమన్నది. సుమారు 200 కుటుంబాలలో ఆమె మాట విని కొత్తగా కాచినవారు పదకొండు మందే! కాచిన నీళ్ళు రోగులకే అని అక్కడివారి నమ్మకం. మన ఇళ్ళలో "వేడి చేస్తుంది", "చలవ చేస్తుంది" అంటాము చూడండి, అలాంటిదే.

విత్తనం వేస్తే కాయ కనబడుతుంది, గట్టు అవతలివాడూ చూస్తాడు. నివారణకు కాయ కాయదు. దాని ఫలితం ఏమీ జరగకపోవడమే. జరగనిదాన్ని చూపించి ఎవరిని నమ్మించగలం?

ఆ తరువాత నేను ఉపన్యాసం మానుకున్నాను. ఆయన భార్య వచ్చినప్పుడు ఇద్దరికీ కలిపి ఒకే సంగతి చెప్పాను. మందు కొట్టేటప్పుడు విషం ముక్కు కంటే చర్మం గుండానే ఎక్కువగా ఒంట్లోకి పోతుంది, ఆ తడిసిన బట్టలు ఉతికే ఇల్లాలి చేతులకూ అంటుతుంది. తన ప్రాణం సంగతి పట్టని మనిషి ఈ మాటకు ఉలిక్కిపడ్డాడు. చేతి తొడుగుల ప్రసక్తి అప్పటికి పక్కన పెట్టాను. పొద్దున్నే చల్లవేళ కొట్టడం, పాత నిండుచేతుల చొక్కా, గట్టు మీద బకెట్ నీళ్ళు, సబ్బు. ఇంతే అడిగాను. వారం తిరక్కుండా పక్క చేని గట్టు మీదా సబ్బు కనబడింది.

పల్నాడులోనూ, ప్రకాశంలోనూ ఇంకా పత్తీ మిరపా వేసే బంధువులుంటే వారికి చెప్పండి. గాలికి ఎదురుగా కొట్టకూడదు. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదకూడదు. మధ్యలో బీడీ, అన్నం వద్దు. ఆ బట్టలు విడిగా ఉతకాలి. వీలైతే చేతి తొడుగులు తప్పక వాడాలి. నీళ్ళు మోసి మందు కలిపే ఆడకూలీలకూ ఇవన్నీ వర్తిస్తాయి. మనిషి పడిపోతే బట్టలు తీసి సబ్బుతో కడిగి, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకుపోండి. 108 కు ఫోను చెయ్యండి. చింతపండు రసం పోసి వాంతి చేయించవద్దు.

అసలు మందే మానేసిన వూరూ వుంది. ఖమ్మం వైపు పాల్వంచ దగ్గర పునుకుల. అక్కడ 1999 ప్రాంతంలో కొద్దిమంది వేపగింజల కషాయం, లింగాకర్షక బుట్టలతో మొదలుపెట్టారు. ఖర్చు తగ్గడం పొరుగువారి కంటబడింది. కొన్నేళ్ళలో వూరంతా పురుగుమందు మానేసింది. అక్కడ నివారణకూ కాయ కాసింది మరి!

2015 లో రాజధాని కోసం భూసమీకరణ మొదలయ్యాక తుళ్లూరు చేలు చాలావరకు పోయాయి. ఆ రైతు ఈ మధ్య భార్యతో నా దగ్గరకు వచ్చాడు. బి.పి. బాగా ఎక్కువగా వుంది.

"మాత్రలు వేసుకుంటున్నారా?"

"ఒంట్లో బాగానే వుంది గదా అని మానేశానండి" అన్నాడు.

నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. మాత్రల అట్ట ఎక్కడ పెడుతున్నారని అడిగాను. బీరువాలోనట. పళ్ళు తోముకునే బ్రష్షు పక్కన పెట్టించమ్మా అని ఆవిడతో చెప్పాను. రోజూ పొద్దున అక్కడికి పోక తప్పదు గదా.