సంఘం లేని కూలీకి ఒప్పందం ఎక్కడిది?

“సామాజిక ఒప్పందాన్ని మళ్ళీ కొత్తగా రాసుకోవాలి” అనే మాట ఈమధ్య పెద్ద పెద్ద సభల్లో వినబడుతోంది. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి హోదాలో గుటెర్రెస్ 2021లో ఇచ్చిన నివేదికలో ఈ పిలుపే ఇచ్చారు. 2025 నవంబరులో ఖతార్ రాజధాని దోహాలో దేశదేశాల ప్రతినిధులు కూడి పేదరికం గురించి, పని గురించి, సామాజిక న్యాయం గురించి మూడు రోజులు చర్చించారు. మంచిదే. కానీ ఈ ఒప్పందంలో రెండో పక్షం ఎవరు? ఆ పక్షం తరఫున మాట్లాడేదెవరు? మేము అడగదలచుకున్న ప్రశ్న ఇదీ.

ఒప్పందమంటే ఏమిటో మన కూలీలకు ఎవరూ నేర్పనక్కరలేదు. నాట్ల కాలంలో ముఠా అంతా కలిసి గట్టుమీద నిలబడి మాట్లాడితే ఎకరానికి గుత్త రేటు ఒక తీరుగా తెగుతుంది. ఒక్కడే వెళ్ళి అడిగితే “ఇష్టమైతే దిగు, లేకపోతే పో” అంటారు. దాన్ని ఒప్పందం అనరు, హుకుం అంటారు. గట్టుమీద ఏది నిజమో ప్రపంచంలోనూ అదే నిజం.

ఈ సంగతిని ప్రపంచం కాగితంమీద ఒప్పుకుని వందేళ్ళు దాటింది. 1919లో పుట్టిన అంతర్జాతీయ కార్మిక సంస్థలో ప్రభుత్వాలు, యజమానులు, కార్మికులు ముగ్గురి ప్రతినిధులూ కూర్చుంటారు. 1921లో ఆ సంస్థ 11వ నంబరు ఒడంబడిక చేసింది. ఫ్యాక్టరీ కార్మికుడికి సంఘం పెట్టుకునే హక్కు ఎంత ఉందో, పొలంలో పనిచేసేవాడికీ అంతే ఉండాలన్నది దాని సారం. 1923లో, తెల్లదొరల పాలన నడుస్తుండగానే, ఇండియా దానికి ఆమోదముద్ర వేసింది.

మరి ఆ హక్కు కూలి గుడిసె దాకా వచ్చిందా? సంతకంతో రాలేదు. నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుచ్చలపల్లి సుందరయ్య తన సొంత ఊరి కూలీలను కూడగట్టారు. అలా ఊరూరా కూలీలు కూడితేనే ఆ హక్కుకు ప్రాణం వచ్చింది. కూడినచోటల్లా దెబ్బలూ తప్పలేదు. 1968 డిసెంబరు 25 రాత్రి తంజావూరు జిల్లా కీళ్వెణ్మణిలో 44 మంది దళిత కూలీ కుటుంబాలవారిని గుడిసెలో పెట్టి తగలబెట్టారు. వారిలో ఎక్కువమంది ఆడవాళ్ళు, పసిపిల్లలు. వాళ్ళు చేసిన నేరమేమిటి? కూలి పెంచమన్నారు, ఎర్రజెండా సంఘాన్ని వదలమన్నారు. అంతే! నిందితులైన భూస్వాములను తర్వాత హైకోర్టు నిర్దోషులని వదిలేసింది. కీళ్వెణ్మణి మంటల నాటికి ఆ ఒడంబడికను ఇండియా ఆమోదించి 45 ఏళ్ళు.

1975లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 141వ నంబరు ఒడంబడిక తెచ్చింది. ఇది అచ్చంగా గ్రామీణ కార్మికుల సంఘాల కోసమే. మన దేశం 1977లో దీన్నీ ఆమోదించింది. ఇందులో కార్యకర్తలు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. గ్రామీణ కార్మికుడంటే కూలికి పోయేవాడు మాత్రమే కాదు. కౌలుదారు, పాలుకు చేసేవాడు, చిన్న కమతాన్ని ఇంటిల్లిపాదీ కలిసి దున్నుకునే రైతు కూడా ఆ లెక్కలోకే వస్తారు. కౌలుకిచ్చి కూర్చునే భూస్వామి రాడు. ఈ సంఘాలు స్వతంత్రంగా ఉండాలి, వాటిపై ఎవరి జోక్యం, బెదిరింపు, అణచివేత ఉండకూడదు, పైగా సర్కారే వాటిని ప్రోత్సహించాలి అని రాసుంది. మన ఊళ్ళలో కూలీని, కౌలు రైతును ఒకరిమీదికి ఒకరిని ఉసిగొల్పేవాళ్ళకు ఈ ఒడంబడిక చూపించాలి.

అయితే సంఘ స్వేచ్ఛకు మూలస్తంభాలైన 1948 నాటి 87వ ఒడంబడికకు, సమష్టి బేరసారాల హక్కు చెప్పే 1949 నాటి 98వ ఒడంబడికకు మన దేశం ఇప్పటిదాకా ఆమోదం తెలపలేదు. ప్రభుత్వోద్యోగుల నిబంధనలు అడ్డొస్తున్నాయని పాలకులు చెబుతూ వచ్చారు. ప్రభుత్వోద్యోగి పేరు చెప్పి కోట్లాది కష్టజీవుల హక్కును అటకమీద పెట్టడం ఏం న్యాయం?

సరిహద్దులు దాటిన సంఘీభావం ఏం చేయగలదో ఆ ఖతారే చూపిస్తుంది. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ పల్లెలనుంచి బోర్లు ఎండి, అప్పులపాలై ఎందరో అక్కడికి పోయారు. కఫీల్ కాగితం ఇవ్వనిదే పని మారలేని బతుకు వాళ్ళది. 2014లో జెనీవా మహాసభలో కార్మిక ప్రతినిధులు ఖతార్‌మీద ఫిర్యాదు పెట్టారు. వత్తిడి పెరిగింది. 2017లో ఖతార్ సర్కారు సంస్థతో ఒప్పందానికొచ్చింది. 2020లో కఫీల్ అనుమతి లేకుండా పని మారే వీలు కల్పిస్తూ చట్టం మార్చింది. 2021 మార్చినుంచి ఇంటిపనివాళ్ళతో సహా అందరికీ నెలకు 1,000 రియాళ్ళ కనీస వేతనం అమలులోకి తెచ్చింది. మన కూలీకి తెలియని దేశాల కార్మికులు మన కూలీ కోసం పోట్లాడారన్నమాట! కానీ వలస కూలీకి సొంత సంఘం పెట్టుకునే హక్కును మాత్రం ఆ మార్పులు ఇవ్వలేదు. సంఘం లేనిచోట చట్టానికి కాపలా ఎవరు? జీతం ఎగ్గొడితే మళ్ళీ ఒంటరిగానే అడగాలి.

బయటి బలం తలుపు తెరవగలదు. లోపలికి నడవాల్సింది మనమే.

అందుకే మేము చెప్పేది ఇది. ఊరి కూలి సంఘంలో కౌలు రైతులనూ కలుపుకోవాలి. సమాన పనికి సమాన వేతనం ఒడంబడికను మన దేశం 1958లోనే ఆమోదించింది కనుక నాట్లేసే అక్కలకు, చెల్లెళ్ళకు తక్కువ కూలి ఇచ్చేచోట ఆ మాట గట్టుమీదే ఎత్తాలి. గల్ఫుకు పోయేవారి పని ఒప్పందం నకలు సంఘం దగ్గర ఉండాలి. 87, 98 ఒడంబడికలను ఆమోదించమనే కోర్కె ప్రతి మహాసభ తీర్మానంలో చేరాలి.

కొత్త సామాజిక ఒప్పందం రాస్తామంటున్నారుగా, రాయనివ్వండి! కానీ వేలిముద్ర వెయ్యడానికి మనల్ని చివర్లో పిలిస్తే కుదరదు. రాసేటప్పుడే, సంఘంగా, బల్లకు ఇవతల మనం కూర్చోవాలి.