జీతం 28 వేలు, కార్డు లిమిట్ 2.4 లక్షలు: ఇందులో మీరు వాడదగ్గది ఎంత?

'అభినందనలు! మీ క్రెడిట్ కార్డు లిమిట్‌ను రూ.2,40,000కు పెంచుకోండి' అని ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. చేతికొచ్చే జీతం చూస్తే నెలకు రూ.28 వేలు. అంటే ఎనిమిదిన్నర నెలల జీతాన్ని బ్యాంకు ఒకేసారి మీ జేబులో పెడతానంటోంది. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉద్యోగంలో చేరి, రెండేళ్లు బిల్లులు సక్రమంగా కట్టినవారికి ఇలాంటి మెసేజ్‌లు కొత్త కాదు.

ఈ లిమిట్ తీసుకోవాలా, వద్దా? తీసుకుంటే ఎంతవరకు వాడొచ్చు? ఇప్పటికే బాకీ పేరుకుపోయి ఉంటే ఏం చేయాలి?

బ్యాంకు ఎందుకు ఇస్తోంది?

మీరు కార్డు గీకిన ప్రతిసారీ దుకాణదారు చెల్లించే రుసుములో బ్యాంకుకు వాటా ఉంటుంది. బిల్లు పూర్తిగా కట్టకపోతే వడ్డీ వస్తుంది. అందుకే సక్రమంగా కట్టేవారికి లిమిట్ పెంచడం బ్యాంకుకు లాభసాటి వ్యవహారం. మీ విషయంలో ఎంత వరకు రిస్క్ తీసుకోవడానికి బ్యాంకు సిద్ధంగా ఉందో చెప్పే అంకె లిమిట్. ఇంటి అద్దె, ఊరికి పంపే డబ్బు, చీటీ వాయిదా పోను మీ చేతిలో ఎంత మిగులుతుందో ఆ అంకెకు తెలియదు.

ఒక విషయం మాత్రం గుర్తుంచుకోవాలి. 2022 ఏప్రిల్ 21న రిజర్వు బ్యాంకు జారీ చేసిన కార్డుల నిబంధనల ప్రకారం, మీ స్పష్టమైన అనుమతి లేకుండా లిమిట్ పెంచకూడదు. అందుకే యాప్ తెరవగానే 'అంగీకరిస్తున్నాను' అనే బటన్ ఎదురవుతుంది. తొందరలో దాన్ని నొక్కితే అదే మీ అనుమతి. లిమిట్ పెంచుతామంటూ ఫోన్ చేసి ఓటీపీ అడిగేవాళ్లు మాత్రం మోసగాళ్లే. ఓటీపీ చెప్పి డబ్బు పోగొట్టుకుంటే వెంటనే బ్యాంకుకు, 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి. లిమిట్ పెద్దదైతే పోయే మొత్తం కూడా పెద్దదే అవుతుంది.

మూడున్నర రూపాయల వడ్డీ

మన ఊళ్లలో వడ్డీని నూటికి రెండు రూపాయలు, మూడు రూపాయలు అని చెప్పుకొంటారు. నూటికి మూడున్నర రూపాయల వడ్డీ అంటే అప్పు చేసేవాడు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. క్రెడిట్ కార్డు బాకీపై నెలకు 3.5 శాతం వడ్డీ అన్నా అదే. ఏడాదికి 42 శాతం. చాలా కార్డుల్లో రేటు ఈ స్థాయిలోనే ఉంటుంది. పైగా ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ. రెండూ కలిపితే నూటికి 4 రూపాయల 13 పైసలు.

కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం దాటకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పు ఇచ్చింది. ఆ తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబర్ 20న పక్కన పెట్టింది. కాబట్టి ఆ పరిమితి ఇప్పుడు మీకు అండగా లేదు.

గడువులోగా బిల్లు మొత్తం కడితే కార్డు చేబదులు లాంటిది, వడ్డీ ఉండదు. చిక్కంతా బిల్లులో కనిపించే 'మినిమమ్ డ్యూ' దగ్గరే. ఉదాహరణకు రూ.60 వేల బాకీ ఉందనుకుందాం. కనీస చెల్లింపు 5 శాతం అనుకుంటే రూ.3,000. అందులో వడ్డీ రూ.2,100, జీఎస్టీ రూ.378. అసలులో తగ్గేది రూ.522 మాత్రమే. కొత్తగా ఒక్క రూపాయి కూడా వాడకుండా ఇలా ఏడాదిపాటు కనీస మొత్తమే కడుతూ పోతే, మీ చేతి నుంచి దాదాపు రూ.34,300 పోతుంది. బాకీ ఇంకా రూ.54 వేలు ఉంటుంది.

కొత్తగా వాడకుండా ఉండటం కూడా అంత తేలిక కాదు. పాత బాకీ ఉన్నంతకాలం వడ్డీలేని రోజుల సౌకర్యం ఆగిపోతుంది. ఆ నెలలో కొన్న పాల ప్యాకెట్‌కు కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఏటీఎంలో కార్డుతో నగదు తీస్తే, బాకీ ఉన్నా లేకపోయినా మొదటి రోజు నుంచే వడ్డీ, దానికి తోడు ప్రత్యేక రుసుము. అందుకే ఆ జోలికి వెళ్లకపోవడమే మంచిది.

30 శాతం సూత్రం మీకు సరిపోదు

లిమిట్‌లో 30 శాతం లోపు వాడితే క్రెడిట్ స్కోరు బాగుంటుందని అందరూ చెబుతుంటారు. స్కోరు వరకు ఆ మాట నిజమే. కానీ రూ.2.4 లక్షల్లో 30 శాతం అంటే రూ.72 వేలు. అది రెండున్నర నెలల జీతం! స్కోరుకు మంచిదని అంత వాడితే, తర్వాతి నెల ఒకటో తేదీన దాన్ని ఎలా కడతారు? తక్కువ జీతం, ఎక్కువ లిమిట్ ఉన్నవారు ఈ సూత్రాన్ని పక్కన పెట్టి తమ లెక్క తామే వేసుకోవాలి.

లెక్క పెద్ద కష్టమేమీ కాదు. జీతం రూ.28,000. అద్దె 9,000, బైక్ ఈఎంఐ 3,200, అమ్మానాన్నలకు 4,000, చీటీ 2,000 తీసేస్తే మిగిలేది రూ.9,800. కిరాణా, పెట్రోలు, ఫోన్ రీఛార్జి, బయట తిండి అన్నీ అందులోనే. మీ అసలు లిమిట్ ఆ రూ.9,800. కార్డు మీద రాసి ఉన్నది దానికి 24 రెట్లు.

ఇంకో కొలత కూడా ఉంది. మొత్తం లిమిట్ వాడేస్తే కనీస చెల్లింపే 5 శాతం చొప్పున రూ.12 వేలు. మీకు మిగిలే రూ.9,800 దానికి కూడా చాలదు. రెండు మూడు కార్డులుంటే అన్ని లిమిట్లనూ కలిపి ఈ లెక్క వేయాలి.

యాప్‌లోనే కంచె

లిమిట్ తగ్గించమని బ్యాంకును అడగొచ్చు. అయితే అందరికీ ఆ అవసరం ఉండదు. ఏడాదిగా ప్రతి బిల్లూ పూర్తిగా కడుతున్నవారైతే లిమిట్‌ను అలాగే ఉంచుకోవడమే నయం. ఆస్పత్రి ఖర్చులాంటిది వచ్చి పడితే పనికొస్తుంది, వాడకం శాతం తక్కువగా కనిపించడం వల్ల స్కోరుకూ మేలే. కిందటి ఏడాదిలో రెండు మూడుసార్లయినా కనీస మొత్తంతో సరిపెట్టినవారు మాత్రం తగ్గించమని రాతపూర్వకంగా కోరడం మంచిది. అప్పుల ముందు స్కోరు చిన్న విషయం.

లిమిట్ ఉంచుకున్నవారికి యాప్‌లోనే ఒక ఏర్పాటు ఉంది. ఆన్‌లైన్, దుకాణాల్లో స్వైపింగ్, ఏటీఎం, కార్డు తాకించి చెల్లించడం, విదేశీ లావాదేవీలు... వీటిని విడివిడిగా ఆపుకొనే, వాటికి హద్దులు పెట్టుకునే సౌకర్యం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో ఆదేశించింది. ఏటీఎం, విదేశీ లావాదేవీలు పూర్తిగా ఆపేయండి. ఆన్‌లైన్‌కు రూ.2,000 హద్దు పెట్టుకోండి. అవసరమైనప్పుడు మార్చుకోవడానికి నిమిషం పడుతుంది. అర్ధరాత్రి సేల్‌లో ఫోన్ కొనాలనిపించినప్పుడు ఆ నిమిషం విలువ తెలుస్తుంది. అయితే చాలా యాప్‌లలో ఇది ఒక్కో లావాదేవీకో, రోజుకో పెట్టే హద్దు. నెల మొత్తాన్ని ఆపదు. అందుకే వారానికోసారి బిల్లులోకి ఇంకా ఎక్కని ఖర్చు ఎంతైందో చూసుకోవాలి.

రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి జోడించినవారికి ఈ జాగ్రత్త మరింత అవసరం. టీకొట్టు దగ్గర క్యూఆర్ స్కాన్ చేసినప్పుడు డబ్బు ఖాతా నుంచి పోతోందా, అప్పు నుంచి పోతోందా అని ఎవరూ పట్టించుకోరు. చిన్న చిన్న మొత్తాలకు బ్యాంకు ఖాతానే వాడితే నెలాఖరున బిల్లు చూసి ఉలిక్కిపడనక్కర్లేదు.

'నో కాస్ట్ ఈఎంఐ'దీ ఇదే తీరు. ప్రాసెసింగ్ రుసుము, జీఎస్టీ ఉండొచ్చు. ఆ వాయిదా ప్రతినెలా కనీస చెల్లింపులో కలుస్తుంది.

బిల్లు గడువు జీతం పడిన వారంలోపు ఉంటే కట్టడం తేలిక. నెలాఖరులో ఉంటే బిల్లింగ్ తేదీ మార్చమని అడగండి. కనీసం ఒకసారైనా ఆ అవకాశం ఇవ్వాలని నిబంధనలు చెబుతున్నాయి. గడువు దాటి మూడు రోజులు పైబడితేనే ఆలస్య రుసుము వేయాలి, క్రెడిట్ బ్యూరోలకు బకాయిగా చూపాలి. అన్నిటికంటే సులువైనది, 'మొత్తం బిల్లు'కు ఆటో డెబిట్ పెట్టుకోవడం. 'మినిమమ్ డ్యూ'కు పెట్టుకుంటే ఆలస్య రుసుము తప్పుతుందే కానీ వడ్డీ తప్పదు.

ఇప్పటికే ఇరుక్కున్నవారు

ముందు కార్డు వాడకం ఆపాలి. తర్వాత బాకీని ఈఎంఐలుగా మార్చమని బ్యాంకును అడిగి, రేటు ఎంతో తెలుసుకోండి. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో తాకట్టు పెట్టి కార్డు బాకీ తీర్చడం చాలాసార్లు మెరుగైన దారి. బ్యాంకుల్లో బంగారు రుణంపై వడ్డీ, కార్డు వడ్డీలో సగం కూడా ఉండదు. నగలు పెట్టడానికి మనసొప్పదు, నిజమే. కానీ నూటికి నాలుగు రూపాయల వడ్డీ కడుతూ బీరువాలో నగలు దాచుకోవడం ఏం లాభం? ఒక కార్డు బాకీని ఇంకో కార్డుతో తీర్చడం మాత్రం వద్దు.

వసూలు ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. బంధువులను, స్నేహితులను వేధించకూడదు. అలా జరిగితే కాల్ వివరాలతో మొదట బ్యాంకుకు ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చింది సంతృప్తికరంగా లేకపోతే, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు సీఎంఎస్ పోర్టల్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. సమాచారానికి 14448 నంబరు ఉంది.

బాకీ మొత్తం తీర్చాక కార్డే వద్దనుకుంటే, మీరు కోరిన ఏడు పనిదినాల్లో బ్యాంకు దాన్ని మూసేయాలి. ఆలస్యమైతే రోజుకు రూ.500 చొప్పున మీకు చెల్లించాలి. మూసివేసినట్లు వచ్చే మెయిల్‌ను భద్రపరచుకోండి. క్రెడిట్ బ్యూరోలు ఏడాదికోసారి ఉచితంగా ఇచ్చే నివేదికలో ఆ ఖాతా మూసినట్లు నమోదైందో లేదో ఒకసారి సరిచూసుకోండి.