కొర్రమీను నోరు మూసేదాకా

గాలం సరదా పట్టుకున్న తిరుపతి, చిత్తూరు కుర్రాళ్లు ఫోన్లో ముందు చూసేది అమెరికా వాళ్ల బాస్ వేట. పెద్దనోటి బాస్ అనే ఆ చేప పుట్టిల్లు ఉత్తర అమెరికా. 1932లో జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ పట్టిన పది కిలోల బాస్ రికార్డు దశాబ్దాలపాటు ఎవరికీ అందలేదు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా దాన్ని అందుకున్నాడు. జపాన్‌కు ఈ చేపను 1925లో తెచ్చి వదిలారు. అది అక్కడి చేపల్ని మింగేస్తోందని 2005లో అమల్లోకి వచ్చిన చట్టం దాన్ని హానిచేసే పరాయి జాతుల్లో చేర్చింది. మన చెరువుల్లో బాస్ లేదు, రాకపోవడమే మంచిది. ఆ వేటలోని విద్య మాత్రం మనకు బాగా పనికొస్తుంది. ఎందుకంటే అదే తీరుగా బతికే చేప మనకు తాతల కాలం నుంచీ ఉంది. అదే కొర్రమీను. తమిళం కలిసే పల్లెల్లో దాన్నే విరాల్ అంటారు.

చెరువు గాలం కూడా మనకు కొత్తది కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో కొలువు చేసిన హెచ్.ఎస్. థామస్ అనే ఆంగ్లేయ అధికారి 1887లోనే ‘ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ అని ఒక పుస్తకం వేశాడు. అప్పటికి ఎన్నో తరాల ముందు నుంచీ మన పల్లెల్లో వెదురు గెడ, దారం, కొక్కెం ఉన్నాయి.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. బొచ్చె, రాగండి లాంటి చేపలు మేత వెతుక్కుంటూ తిరుగుతాయి. వాటికోసం వేరుశనగ చెక్క, తవుడు కలిపి ముద్ద చేసి, బెండు కట్టి, ఒకచోట కూర్చుంటాం. చేపే ఎర దగ్గరికి వస్తుంది. కొర్రమీను అలా తిరగదు. తుంగ మాటునో, తామరాకు కిందో, రాళ్ల సందునో కదలకుండా పొంచి ఉండి, దగ్గరికొచ్చిన కప్పనో చిన్న చేపనో ఒక్క ఊపులో అందుకుంటుంది. బాస్ చేసేదీ ఇదే. కాబట్టి ఇక్కడ ఎరే చేప దగ్గరికి వెళ్లాలి. చేప ఎక్కడుందో, ఏ క్షణాన నోరు తెరుస్తుందో, ఎప్పుడు మూస్తుందో తెలిస్తే మామూలు రాడ్‌తోనైనా పట్టొచ్చు. అవి తెలియకపోతే ఇరవై వేల రాడ్ కొన్నా ఖాళీ చేతులే. మెరుగుపడాలని అడిగేవాళ్లకు నేను ముందు చెప్పేది చేప బతుకు గురించే. సామాను సంగతి తర్వాత.

కొర్రమీను తన జాడ తానే చెబుతుంది. దానికి మొప్పలతో అందే ఊపిరి చాలదు. మొప్పల పైన గాలి పట్టే గది ఒకటి ఉంటుంది. అందుకే కాసేపటికోసారి పైకొచ్చి గాలి మింగి వెళ్లాలి. నీళ్లలోనే అదిమి ఉంచి పైకి రానివ్వకపోతే ఊపిరాడక చచ్చిపోతుంది. ఎండాకాలం బురదలో బతికి ఉండటానికీ, వానకు తడిసిన నేల మీద పాకి పక్క గుంటలోకి చేరడానికీ కారణం ఈ గదే. గాలం వేసేవాళ్లకు దీనివల్ల ఉపయోగం ఏమిటంటే, గట్టున నిలబడి ఓపిగ్గా చూస్తే ‘గుప్’మని చిన్న చప్పుడు, ఒక సుడి, చుట్టూ రింగు కనబడతాయి. జిలేబీ చేపలు పైకొచ్చి చేసే సన్నటి చుక్కలు వేరు, ఈ బరువైన సుడి వేరు. కొన్నాళ్లు చూస్తే కంటికే తేడా తెలిసిపోతుంది.

సుడి కనబడగానే దాని నెత్తిన ఎర వేయడం చాలామంది చేసే పొరపాటు. గాలి మింగి కిందికి దిగుతున్న చేప మీద ఏదైనా దబ్బున పడితే బెదిరిపోతుంది. ఆ చోటును గుర్తుపెట్టుకోండి. కాసేపాగి, రెండు మూడు మీటర్లు అవతలికి విసిరి, నెమ్మదిగా ఆ చోటు మీదుగా లాక్కురండి. వేసవిలో నీళ్లు తగ్గి, వేడెక్కి, వాటిలో ప్రాణవాయువు పలచబడినప్పుడు కొర్రమీను ఇంకా తరచుగా పైకి వస్తుంది. ఏప్రిల్, మే నెలల తెల్లవారుజాములు నేర్చుకునేవాళ్లకు మంచి బడి.

మన చెరువులకు నీళ్లు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వంకలు పారి, చెరువులు నిండి, మరవలు పోతాయి. 2021 నవంబరులో ఆ వాన హద్దు దాటింది. రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు గండి భయం పట్టుకుని, కింది ఊళ్లను ఖాళీ చేయించాల్సి వచ్చింది. అలాంటి నీళ్లలో కట్ట దరిదాపులకు గాలంతో వెళ్లకూడదు. మామూలు ఏడాదిలో మాత్రం కొత్త నీళ్లు చెరువులో కలిసే వంక మూతి దగ్గర చేప కూడుతుంది. కొట్టుకొచ్చే పురుగూ కప్పా దానికి విందు. నీళ్లు నిలకడపడ్డాక తూము చుట్టూ, కట్టకు పరిచిన రాళ్ల వెంట, మునిగిన తుమ్మచెట్ల మొదళ్ల దగ్గర, గుర్రపుడెక్క పరుచుకున్న చోట దాని అంచున వెతకాలి. చాప పరిచినట్టు ఉన్న గుర్రపుడెక్కలో అక్కడక్కడ పళ్లెమంత ఖాళీలు ఉంటాయి. గురి వాటి మీదే ఉండాలి.

కట్ట మీద నిటారుగా నిలబడి నడిచెరువుకు విసరడం కొత్తవాళ్ల అలవాటు. కొర్రమీను చాలాసార్లు వాళ్ల కాళ్లకు రెండు గజాల దూరంలోనే ఉంటుంది. నీళ్ల అంచుకు చేరకముందే ఆగండి. నీడ నీళ్ల మీద పడకుండా చూసుకోండి. రాళ్ల మీద అడుగుల దడదడ చేపకు తెలిసిపోతుంది. మొదటి విసురు గట్టు వెంబడి, గట్టుకు సమాంతరంగా పడాలి. తర్వాతే లోపలికి. ఈ ఒక్క మార్పుతో పట్టు పెరుగుతుందని నా నమ్మకం. దూరం విసరడం కన్నా గురిగా, చప్పుడు లేకుండా వేయడమే ఈ వేటలో పెద్ద విద్య. కొక్కెం లేని చిన్న బరువు కట్టి, ఇంటి ముందు బకెట్ పెట్టి దాంట్లో పడేలా సాధన చేయొచ్చు. చేయి పైకెత్తి కాకుండా పక్క నుంచి, నీళ్లకు దగ్గరగా విసిరితే ఎర కొమ్మల కిందికి జారుతుంది, మెల్లగా పడుతుంది.

ఇక ఎర. మన పల్లెల్లో పాత పద్ధతి బతికున్న కప్పను కొక్కేనికి గుచ్చి, వెదురు గెడకు పొట్టి దారం కట్టి, నాచు సందుల్లో పైకీ కిందికీ ఆడించడం. గెడ పొడవే దూరం, విసరడమే ఉండదు. 1970ల్లో కాలిఫోర్నియా వేటగాడు డీ థామస్ పేరు మీద బాస్ వేటలో ప్రసిద్ధమైన ‘ఫ్లిప్పింగ్’ దీనికి చాలా దగ్గరి చుట్టం. కాబట్టి ఊళ్లో గెడ పట్టే పెద్దాయన కనబడితే ఆయన మణికట్టును గమనించండి. సందు చూసి చప్పుడు లేకుండా దించడంలో ఆయన నేర్పు యూట్యూబ్‌లో దొరకదు. కప్పను మాత్రం వదిలేద్దాం. పొలాల్లో పురుగును తినేది అదే. కాళ్లకోసం కప్పల్ని పట్టి విదేశాలకు పంపడం ఎక్కువైపోతే 1987లో మన దేశం ఆ ఎగుమతినే నిషేధించింది. రబ్బరు కప్ప ఆ పని బాగానే చేస్తుంది.

ఆ రబ్బరు కప్ప లోపల బోలుగా ఉంటుంది. దాని రెండు కొక్కేలూ పైకి తిరిగి వీపుకు అంటుకుని ఉంటాయి కాబట్టి గుర్రపుడెక్క మీదుగా లాగినా చిక్కుకోదు. చేప నోట్లో పడి నలిగినప్పుడే దేహం అణగి మొనలు బయటపడతాయి. ఈ సంగతి బాగా గుర్తుండాలి, కింద చెప్పబోయేదంతా దీని మీదే ఆధారపడింది. ఆడించడంలో తొందర వద్దు. రెండు చిన్న కుదుపులు, ఒక ఆగడం. దట్టమైన ఆకుల మీద గబగబా, ఖాళీ రాగానే నిలిపి, నీటి మీద రింగులు మాయమయ్యేదాకా అలాగే ఉంచాలి. ఎక్కువసార్లు దెబ్బ పడేది ఆగిన కప్ప మీదే. గట్టు దాకా ఆడిస్తూనే రండి. కొర్రమీను వెంబడించి వచ్చి చివరి గజంలో కొట్టడం మామూలే.

అందరికీ చేప తప్పిపోయేది దెబ్బ పడిన ఆ క్షణంలోనే. నీళ్లు ఫట్‌మని లేస్తాయి. గుండె ఝల్లుమంటుంది, చేయి తనంతట తానే రాడ్‌ను వెనక్కి గుంజుతుంది. కప్ప గాల్లో ఎగిరొచ్చి గట్టున పడుతుంది. ఎందుకంటే కంటికి కనబడింది చేప పైకి లేవడమే. ఆ క్షణానికి కప్ప ఇంకా దాని పెదాల మధ్యే ఉండొచ్చు, అసలు నోట్లోకే పోకపోవచ్చు. పోయినా నోరు మూసుకుని నలపనిదే కొక్కెం బయటపడదు. కాబట్టి శబ్దానికి లాగకండి, బరువుకు లాగండి. దెబ్బ పడగానే రాడ్ కొనను నీళ్ల వైపు వంచండి. వదులైన దారాన్ని రీలుకు చుట్టుకోండి. దారం బిగిసి, అవతల ప్రాణం ఉన్న బరువు చేతికి తగిలినప్పుడు ఒక్క గట్టి ఊపుతో పైకి లాగండి. ఇదంతా ఒకటి రెండు సెకన్ల పనే. తెరిపి నీళ్లలో కాస్త తక్కువ, దట్టమైన నాచులో కాస్త ఎక్కువ. దెబ్బ తప్పితే కప్పను వెనక్కి లాగేయకుండా అక్కడే కదలకుండా ఉంచితే రెండోసారి కొట్టే అవకాశం ఉంది.

చేప పడ్డాక నాచులో దాన్ని ఆడనివ్వకూడదు. తల పైకి ఎత్తించి, నాచు మీదుగా ఈడ్చుకుంటూ రావాలి. సామాను ఎంపికకు ఈ అవసరమే ఆధారం. నైలాన్ దారం సాగుతుంది. ఇరవై మీటర్ల దూరంలో మీ ఊపులో సగం ఆ సాగుడులోనే పోతుంది. అల్లిక దారం సాగదు. 40, 50 పౌన్ల అల్లిక దారం, ఆరున్నర నుంచి ఏడడుగుల గట్టి రాడ్ చాలు. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపండి. రాపిడి వేడికి దారం బలం పోతుంది. కొక్కెం మొనను బొటనవేలి గోటి మీద ఆనించి చూడండి. జారితే అరగదీయాలి, గుచ్చుకుంటే సరే. కొక్కేనికి ఉండే ఎదురుముల్లును కట్టింగ్ ప్లయర్‌తో నొక్కేస్తే చేపను వదిలేయడం సులువు, మీ వేలికి దిగినా తీయడం సులువు. ఉరుము వినబడితే మాత్రం రాడ్ కింద పెట్టి కట్ట దిగండి. ఇప్పటి కార్బన్ రాడ్లు కరెంటును పిలుస్తాయి.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. కొర్రమీను గుడ్లను, పిల్లలను కాపలా కాసే చేప. వానల కాలంలో నీటి మీద నారింజ రంగు పిల్లల గుంపు బంతిలా కదులుతూ కనబడుతుంది. కిందనే తల్లో తండ్రో ఉంటుంది. ఆ గుంపు మీదికి ఏమొచ్చినా కరుస్తుంది. ఆకలితో కాదు, తరిమేయడానికి. ఆ గుంపు మీద రబ్బరు కప్పను ఆడించి పట్టడం చాలా సులభం. అందులో నేర్పు ఏమీ లేదు. పెద్దది పోయిన అరగంటలో ఆ పిల్లల్ని మట్టగిడసలు, కొంగలు ఖాళీ చేస్తాయి. ఒక చేప కోసం వందల చేపలు పోతాయి. నారింజ గుంపు కనబడితే అక్కడ గాలం వేయకండి, పక్కవాళ్లనూ వేయనివ్వకండి.

చెరువు ఎవరిదో కూడా కనుక్కోవాలి. మన దగ్గర చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్యకార సహకార సంఘానికో, పంచాయతీ వేలంలో పాడుకున్నవాళ్లకో ఉంటుంది. పిల్లలు వదిలి, మేత పెట్టి, కాపలా పెట్టినవాళ్లు వాళ్లు. ముందుగా వెళ్లి అడగాలి. పట్టింది వదిలేస్తామని చెబితే చాలామంది ఒప్పుకుంటారు. కోనేర్లూ తీర్థాలూ, శేషాచలం అడవి లోపలి నీళ్లూ గాలానికి తగని చోట్లు.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక సూళ్లూరుపేట, తడ వైపు పులికాట్ సరస్సు తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అక్కడి ఉప్పునీటి వేటగాడు పండుగప్ప. వరసకు అదే మనకు దక్కిన బాస్, ఆసియా సీబాస్ అంటే ఇదే. దీన్ని మన దేశంలో తొలిసారి తొట్లలో గుడ్లు పెట్టించింది చెన్నైలోని ఉప్పునీటి జలకృషి సంస్థ, 1997లో. కొర్రమీనుకు గాలి గడియారమైతే పండుగప్పకు పోటుపాటులే గడియారం. నీళ్లు కదులుతున్నప్పుడే తింటుంది, నిలిచిపోతే ఊరుకుంటుంది. కాల్వ మూతుల్లో, కర్రలూ రాళ్లూ ఉన్న మలుపుల్లో ప్రవాహానికి ఎదురుగా పొంచి ఉంటుంది. ఎరను ప్రవాహంతో పాటే కొట్టుకొచ్చేలా వదలాలి. ఎదురు లాగితే నమ్మదు. కొరకదు, ఒక్కసారిగా నోరు తెరిచి నీళ్లతో సహా పీల్చేస్తుంది. కాబట్టి బరువు తగిలేదాకా ఆగమన్న మాట ఇక్కడా అంతే నిజం. దాని మొప్పల మూతల అంచులు బ్లేడులా ఉంటాయి. దారం చివర మందమైన నైలాన్ ముక్క కట్టకపోతే తెగిపోతుంది. చెయ్యి కూడా మొప్పల దగ్గర పెట్టకూడదు.

పులికాట్‌లో పెద్ద భాగం పక్షుల అభయారణ్యం కాబట్టి బయటివాళ్లు అటవీశాఖను అడిగే దిగాలి. తెగిన దారం ముక్క ఒక్కటి కూడా అక్కడ వదలొద్దు. ఫ్లెమింగోల కాళ్లకు, నేలపట్టు నుంచి మేతకు వచ్చే గూడబాతుల రెక్కలకు అది ఉరితాడు. పండుగప్ప ముందు మగగా పెరిగి, కొన్నేళ్లకు ఆడగా మారుతుంది. అంటే భారీ చేపలన్నీ దాదాపు గుడ్లు పెట్టే తల్లులే. కూరకు ఒకటి కావాలంటే చిన్నదాన్ని ఉంచుకోండి. గజం పొడవున్నది పడితే తడి చేతులతో కింది పెదవి పట్టి, పొట్ట కింద రెండో చెయ్యి ఆనించి, నీళ్లలోనే కొక్కెం తీసి, తోక తనంతట తాను ఆడేదాకా ప్రవాహానికి ఎదురుగా నిలిపి వదిలేయండి.