వీటో వేసినా ఆగలేదు.. యుక్కా కొండ కథ

ఊళ్లో చెత్త ఎక్కడ పోయాలన్నా గొడవే కదా. మరి అణు చెత్త అయితే?

రియాక్టర్లలో వాడేసిన ఇంధనాన్ని భూమి లోతున పాతిపెట్టాలని అమెరికాలో 1982లో చట్టం చేశారు. 1987కి మూడు చోట్లు మిగిలాయి: టెక్సాస్, వాషింగ్టన్, నెవాడా రాష్ట్రాల్లో. అప్పటి ప్రతినిధుల సభ స్పీకర్‌ది టెక్సాస్, మెజారిటీ లీడర్‌ది వాషింగ్టన్ రాష్ట్రం. ఇంకేముంది, నెవాడాలోని యుక్కా కొండ ఒక్కటే పరిశీలించమని చట్టం మార్చేశారు. నెవాడాలో ఒక్క అణు విద్యుత్ ప్లాంటు కూడా లేదండీ!

చట్టంలో గవర్నర్‌కి వీటో ఉంది. 2002లో కెన్నీ గ్విన్ వాడారు కూడా. కానీ కాంగ్రెస్ (మన పార్టీ కాదు, వాళ్ల పార్లమెంటు) మామూలు మెజారిటీతోనే దాన్ని కొట్టేయొచ్చు. కొట్టేసింది. నాకైతే దాన్ని వీటో అనబుద్ధి కాదు, అర్జీ అంతే.

నెవాడా ఊరుకోలేదు. కోర్టులకెక్కింది, సైట్‌కి నీళ్ల పర్మిషన్ ఇవ్వనంది. 10,000 ఏళ్ల వరకే భద్రత చూస్తే సరిపోదని 2004లో కోర్టు కూడా అంది.

అసలు దెబ్బ వేరే. 1987లో కొత్తగా వచ్చిన నెవాడా సెనేటర్ హ్యారీ రీడ్, 2007కి సెనేట్ మెజారిటీ లీడర్ అయ్యారు. ఒబామా హయాంలో నిధులు ఆగిపోయాయి. చట్టంలో మాత్రం ఇప్పటికీ యుక్కా పేరే ఉంది. చెత్తేమో ఎక్కడి ప్లాంట్ల దగ్గర అక్కడే ఉంది.