ఉత్తరం హద్దు: కాలువ

రెండు పడగ్గదుల ఫ్లాటు మీద ముఖచిత్ర కథనం, గురువారానికల్లా కావాలన్నారు సంపాదకులు. విజయవాడ పటమటలోనో మొగల్రాజపురంలోనో కొనలేనివాళ్లు గొల్లపూడి దాటి ఇబ్రహీంపట్నం, కొండపల్లి వైపు ఎందుకు చూస్తున్నారో రాయాలి. ధరల పట్టిక వేద్దామనే మొదలుపెట్టాను. బ్రోకర్ల అంకెలు పూటపూటకీ మారాయి. నన్ను కట్టిపడేసింది మాత్రం దస్తావేజు చివరనుండే షెడ్యూలు.

బ్రోషరు మోడ్యులర్ కిచెన్‌తో మొదలైతే షెడ్యూలు నేలతో మొదలవుతుంది. ముందు మొత్తం స్థలం, సర్వే నంబరు, నాలుగు హద్దులు. తర్వాత అందులో మన ఫ్లాటుకు దఖలుపడే అవిభాజ్యపు వాటా, గజాల్లో. ఆ తర్వాతే ఫ్లాటు నంబరు, ప్లింతు ఏరియా, కామన్ ఏరియా, కారు పార్కింగు. 600 గజాల్లో ఒకే కొలత ఫ్లాట్లు 15 కడితే ఒక్కో ఇంటికి 40 గజాలు. అదే స్థలంలో 20 లేపితే 30. ఎన్నో ఏళ్ల తర్వాత గోడలు పాతబడి, అందరూ కలిసి పడగొట్టి కట్టించుకుందామనుకున్న రోజున బిల్డరుతో బేరానికి పనికొచ్చేవి ఆ గజాలే. అందుకే అడుగు ఎంతని అడిగే ముందు వాటా ఎన్ని గజాలని అడగాలంటాను.

ఇక హద్దులు. లింకు డాక్యుమెంట్లన్నీ వరసగా పరిచి, ఒకే దిక్కును పాతదాని నుంచి కొత్తదాని దాకా చదువుకుంటూ రండి. పాత దస్తావేజుల్లో ఫలానావారి మాగాణి, డొంక, పంట బోదె, వాగు పోరంబోకు అని ఉంటుంది. ఉత్తరాన ఒకప్పుడు కాలువ అని రాసినచోట ఇప్పుడు రోడ్డు అని ఉంటే, ఆ కాలువ ఎటు పోయింది? పూడ్చారా, మళ్లించారా, రోడ్డు కింద తూమైనా ఉందా? లీగల్ ఒపీనియన్ ఇచ్చే వకీలు ఎవరి నుంచి ఎవరికి హక్కు వచ్చిందో చూస్తారు. నీళ్ల దారి వెతకాల్సింది మాత్రం కొనేవాళ్లే.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 వానలు చూసినవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. కొండపల్లి శాంతినగర్ పరిసరాల్లో బుడమేరు వాగు మళ్లింపు కాలువ కట్టకు గండ్లు పడ్డాయి. మళ్లించిన నీళ్లు కలవాల్సిన కృష్ణ కూడా అప్పుడు పొంగి ఉంది. ప్రకాశం బ్యారేజీకి రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. అపార్టుమెంట్ల కింద కార్లు, మోటార్లు నీటిపాలయ్యాయి. పై అంతస్తులవాళ్లు ఇల్లు తడవకపోయినా కరెంటు, తాగునీరు లేక రోజుల తరబడి చిక్కుకుపోయారు. గండ్లు పూడ్చడానికి సైన్యం రావాల్సివచ్చింది. అందుకే మూడో అంతస్తు కొంటున్నాం, మనకేమిటిలే అనుకోవడాన్ని నేను ఒప్పుకోను.



అయినా నాకు కొండపల్లి అంటే ఇష్టం. ఖిల్లా కొండ, బొమ్మల కాలనీ, సొంత రైల్వే స్టేషను ఏ నగరానికైనా అందాలే. ఇక్కడ ఇల్లు కొనాలనేవాళ్లను వద్దనను. ఒక్కసారి ముసురు పట్టినప్పుడు షెడ్యూలు చేతబట్టుకుని నాలుగు హద్దులూ నడిచి రమ్మంటాను. పక్కనే థర్మల్ కేంద్రం ఉంది కాబట్టి, బాల్కనీ రెయిలింగు మీద వేలు రాసి బూడిద పడుతోందేమో కూడా చూడమంటాను.

తెలిసి ఉండాల్సినవి

రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం): స్థలం 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 598 గజాలు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. చిన్న గ్రూపు హౌసులు చాలావరకు దీని బయటే ఉంటాయి కాబట్టి, అక్కడ ప్లాను, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) మరింత జాగ్రత్తగా చూడాలి.

కార్పెట్ ఏరియా: లోపలి గోడలు కలుస్తాయి, బయటి గోడలు, బాల్కనీ కలవవు.

అడ్వాన్సు: రెరా ప్రాజెక్టులో అమ్మకపు ఒప్పందం రిజిస్టరు కాకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు.

కట్టుబడి లోపం: అప్పగించిన ఐదేళ్లలోపు బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో బిల్డరే ఉచితంగా సరిచేయాలి.